విశాఖలో డీజేకి, ఇంటి స్టూడియోకి హెడ్‌ఫోన్స్: ముందు ప్యాడ్ చూడండి, తర్వాత పేరు

రుషికొండ వైపు లాన్‌లో సంగీత్ జరుగుతున్నప్పుడు డీజే మెడలో వేలాడే హెడ్‌ఫోన్‌కీ, రాత్రి పదకొండు దాటాక ఎంవీపీ కాలనీ ఫ్లాట్‌లో ల్యాప్‌టాప్ ముందు పాట కట్టుకునేవాళ్ల చెవుల మీద ఉండే హెడ్‌ఫోన్‌కీ పని ఒకటి కాదు. మొదటిది బాక్సుల హోరును బయటే ఆపి, తర్వాత ఎక్కించబోయే పాటలో కిక్‌నీ స్నేర్‌నీ (డ్రమ్ముల లావు దెబ్బా, సన్న దెబ్బా) తేటగా వినిపించాలి. ఒక చెవికి తిప్పుకునే వీలుండాలి. రాత్రంతా తీసి పెట్టి, లాగి వదిలినా విరగకూడదు. రెండోది ఉన్న బేస్‌ను ఉన్నంతే చెప్పాలి, మూడు గంటలు పెట్టుకున్నా చెవులు నొప్పెట్టకూడదు. రెండు పనులూ ఒకే జతతో అయిపోతే బాగుండునని చాలామంది అడుగుతారు. సర్దుకుంటే అవుతుంది. ఎక్కడ సర్దుకుంటున్నామో తెలిసి కొనాలి, అంతే.

ఇక్కడ చూసేవి ఐదు: సెన్‌హైజర్ హెచ్‌డీ 25, ఆడియో-టెక్నికా ఏటీహెచ్-ఎం50ఎక్స్, సోనీ ఎండీఆర్-7506, బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో, పయనీర్ డీజే హెచ్‌డీజే-క్యూ1 (HDJ-CUE1). ఐదూ క్లోజ్డ్ బ్యాక్ రకాలే, అంటే కప్పు వెనకవైపు మూసి ఉంటుంది. ధరలు పండగ ఆఫర్లకు ఒకలా, మామూలు రోజుల్లో ఒకలా ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోవడం లేదు. బ్లూటూత్ వాటిని ఈ లెక్కలోకి తీసుకోలేదు. బ్లూటూత్‌లో ధ్వని తరచుగా 150 నుంచి 250 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది. నిమిషానికి 120 బీట్ల పాటలో ఒక్కో బీటు 500 మిల్లీసెకన్లే. దాదాపు అర బీటు వెనకబడిన ధ్వనితో బీట్ కలపలేం, కీబోర్డు వాయించి రికార్డు చేయలేం.

బేస్ అంతా ప్యాడ్ చేతిలోనే

క్లోజ్డ్ హెడ్‌ఫోన్‌లో డ్రైవర్‌కీ (కప్పు లోపలి చిన్న స్పీకర్) చెవికీ మధ్య గాలి బిగుతుగా మూసి ఉన్నంతవరకే కింది బేస్ నిలబడుతుంది. కళ్లజోడు కాడ, చెవి మీద పడిన జుట్టు, గట్టిపడిపోయిన ప్యాడ్... వీటిలో ఏదో ఒకటి చిన్న సందు చేసిందంటే సుమారు 100 హెర్ట్జ్ కిందున్నదంతా ఆ సందులోంచి జారిపోతుంది. పైశబ్దాలు మాత్రం అలాగే ఉంటాయి. అందుకే ఒకే మోడల్ గురించి ఒకరు "బేస్ అదిరింది" అంటారు, ఇంకొకరు "బేసే లేదు" అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఇద్దరి తలలూ కళ్లజోళ్లూ వేరు, అందుకే విన్నదీ వేరు.

దీన్ని పట్టుకోవడానికి ఒక నిమిషం చాలు. ఫోన్‌లో 40 హెర్ట్జ్ సైన్ టోన్ ఒకటి పెట్టుకోండి. తక్కువ వాల్యూమ్‌లో వింటూ రెండు కప్పులనూ అరచేతులతో మెల్లగా చెవులకు అదమండి. ఆ టోన్ కొంచెం పెరిగితే ఫర్వాలేదు. అదిమినప్పుడు ఒక్కసారిగా ఉబికి వచ్చి, చేయి తీయగానే మాయమైతే ఆ హెడ్‌ఫోన్ మీ తలకు కూర్చోలేదు. రివ్యూలో ఎంత మెచ్చుకున్నా అది మీకు పనికిరాదు. కళ్లజోడు వాడేవాళ్లు ఈ పరీక్షను జోడుతో ఒకసారి, లేకుండా ఒకసారి చేయాలి.

విశాఖలో ఇంకో చిక్కుంది. ఇక్కడ ఎండకన్నా ఉక్కపోత ఎక్కువ, గాలిలో ఉప్పు ఎక్కువ. కృత్రిమ తోలు ప్యాడ్‌లు చెమటకు తడిసి, ఆరి, మళ్లీ తడిసి, పైపొర నల్లటి పొట్టులా రాలడం మొదలవుతుంది. ప్రోగ్రాం అయ్యాక చెవుల చుట్టూ నల్ల చుక్కలు అంటుకుని కనిపిస్తే ప్యాడ్ ఆయుష్షు అయిపోయినట్టే. పొట్టు రాలేది పైకి కనిపించే నష్టం. లోపలి ఫోమ్ కుంగిపోయి చెవి డ్రైవర్‌కు దగ్గరవడం, పగిలిన పొరలోంచి గాలి కారడం కంటికి కనపడవు. మీరు అదే హెడ్‌ఫోన్‌తో మిక్స్ చేస్తూనే ఉంటారు, బేస్ కొద్దికొద్దిగా తగ్గుతూ ఉంటుంది, తెలియకుండానే పాటలో బేస్ పెంచుతూ పోతారు. చివరికి ఆ ట్రాక్ ఫంక్షన్‌లో సబ్ ఊఫర్ల మీద పడ్డాక గానీ తప్పు బయటపడదు.

అందుకే ఏ మోడల్ కొన్నా దాని ఒరిజినల్ ప్యాడ్‌లు విడిగా దొరుకుతున్నాయా అని కొనే ముందే చూడాలి. ఈ విషయంలో ఐదింటికీ ఒకే మార్కులు పడవు.

హెచ్‌డీ 25: డీజే పనికి ఇప్పటికీ దీని తర్వాతే ఏదైనా

1988 నుంచీ వస్తున్న మోడల్ ఇది. వైరు కాకుండా బరువు 140 గ్రాములు. ప్లాస్టిక్ బొమ్మలా కనిపిస్తుంది, చేతిలోకి తీసుకుంటే నమ్మబుద్ధి కాదు. కానీ దీన్ని కట్టిన పద్ధతి మంచి మెకానిక్‌కు నచ్చే పద్ధతి. కప్పు, డ్రైవర్, హెడ్‌బ్యాండ్, ప్యాడ్, వైరు అన్నీ విడివిడి ముక్కలు, ఏది పోతే అది ఒక్కటే మార్చుకోవచ్చు. వైరు చివర రెండు కప్పులకూ చెరో రెండు పిన్నుల చిన్న ప్లగ్ ఉంటుంది. పాతది లాగేసి కొత్తది గుచ్చడమే, టంకం పని లేదు. ఒక వైపు గరగరమంటూ వచ్చీ పోతూ ఉంటే తొంభై శాతం అనుమానం ఈ ప్లగ్ మీదే పెట్టుకోండి. పూర్తిగా లోపలికి దిగలేదో, పిన్నులకు కిలుము పట్టిందో చూడాలి. తీసి, తుడిచి, చివరిదాకా నొక్కితే సరిపోతుంది.

హెడ్‌బ్యాండ్ రెండు పట్టీలుగా విడిపోతుంది. విడదీసి పెట్టుకుంటే తల మీద జారదు. ఒక కప్పును చెవి మీద నుంచి వెనక్కి తిప్పేయవచ్చు. ఇంపెడెన్స్ (కరెంటుకు అడ్డు) 70 ఓమ్‌లు, కానీ కంపెనీ లెక్కలో 1 వోల్ట్‌కు 120 డెసిబెల్ ఇస్తుంది. అంటే ఏ మిక్సర్‌లో పెట్టినా గట్టిగా మోగుతుంది. డ్రమ్ముల దెబ్బ తేటగా, మధ్యశబ్దాలు ముందుకు తోసుకుని వస్తాయి. డప్పు రికార్డింగ్ వింటే లావు కర్ర దెబ్బా, సన్నపుల్ల చిటుకూ దేనికది విడిగా దొరుకుతాయి. డీజేకి కావలసింది ఇదే.

లోటు ఏమిటంటే ఇది చెవిని చుట్టదు, చెవి మీద కూర్చుంటుంది, అదీ గట్టిగా అదిమి. గంట దాటితే చెవి తమ్మె నొప్పి మొదలవుతుంది, కళ్లజోడు ఉంటే ఇంకా ముందే. స్టీరియో విస్తారం కూడా ఇరుకు. పాటలో ఏ వాయిద్యం ఎంత పక్కకు పెట్టాలో దీనితో తేల్చుకోలేం. ఇంట్లో మూడు గంటలు కూర్చుని మిక్స్ చేయడానికి దీన్ని సిఫార్సు చేయలేం. ప్యాడ్‌లు చిన్నవి, మార్చడం సులువు, వెల్వెట్ లాంటి గుడ్డవి కూడా దొరుకుతాయి. గుడ్డ ప్యాడ్ చెమటకు హాయిగా ఉంటుంది, అయితే బయటి హోరును కొంచెం లోపలికి రానిస్తుంది. ప్రోగ్రాంలకు తోలువే ఉంచుకోవడం మేలు.

ఎం50ఎక్స్: ఒకటే కొనగలిగితే ఇది, ఒక షరతు మీద

2014లో వచ్చింది. 45 మిల్లీమీటర్ల డ్రైవర్, 38 ఓమ్‌లు, 285 గ్రాములు. కప్పులు 90 డిగ్రీలు తిరుగుతాయి కాబట్టి ఒక చెవితో వినడం కుదురుతుంది. మడిచి సంచిలో పెట్టుకోవచ్చు. పెట్టెలో మూడు వైర్లు వస్తాయి: మెలికల వైరు ఒకటి, 3 మీటర్ల తిన్నటిది ఒకటి, 1.2 మీటర్లది ఒకటి. మిక్సర్‌కు మెలికలది, ఇంట్లో ఆడియో ఇంటర్‌ఫేస్‌కు (మైకునూ హెడ్‌ఫోన్‌నూ ల్యాప్‌టాప్‌కు కలిపే పెట్టె) తిన్నటిది వాడుకోవాలి. మెలికల వైరు ఇంట్లో మెడను కిందికి లాగుతుంది. 3 మీటర్ల వైరు మిక్సర్ దగ్గర కాళ్లలో పడుతుంది.

వైరు ఎడమ కప్పులో గుచ్చి తిప్పితే లాక్ పడుతుంది. ఆ చివర 2.5 మిల్లీమీటర్ల పిన్ను, దాని గూడు ఇరుకు. మామూలు 2.5 పిన్ను వైరు తెచ్చి గుచ్చితే చాలా వరకు లోపలికి దిగదు, దిగినా లాక్ పడదు. కొనేటప్పుడు ఈ మోడల్‌కు చేసిన వైరే అడగండి.

షరతు సంగతి. ఇది బేస్‌ను ఉన్నదానికన్నా కొంచెం ఎక్కువ చేసి చూపిస్తుంది, పైశబ్దాల్లో కూడా కాస్త మెరుపు ఉంది. డీజే పనిలో ఆ రెండూ సాయమే, కిక్‌నీ హైహ్యాట్‌నీ ఇట్టే పట్టుకోవచ్చు. ఇంటి పనిలో మాత్రం బేస్ చాలిందనుకుని తగ్గించేస్తాం, బయట వింటే పాట పలచగా ఉంటుంది. దీనితో మిక్స్ చేసేవాళ్లు ప్రతి అరగంటకూ ఒక రిఫరెన్స్ పాట (బాగా మిక్స్ అయిందని తెలిసిన పాట) పెట్టి తమ కిక్‌నూ బేస్‌నూ దానితో పోల్చుకోవాల్సిందే. ఈ అలవాటు ఉన్నవాళ్లకు ఎం50ఎక్స్ రెండు పనులకూ సరిపోతుంది. లేనివాళ్లను తప్పుదారి పట్టిస్తుంది.

ప్యాడ్‌లు ఇక్కడి వాతావరణంలో పొట్టు రాలేవే, అందుకే మార్చే పద్ధతి తెలిసి ఉండాలి. ప్యాడ్ వెనక పలచటి పెదవిలాంటి అంచు ఉంటుంది, అది కప్పు చుట్టూ ఉన్న సన్నటి గాడిలో కూర్చుంటుంది. పాతది ఒక మూల నుంచి వేలితో లాగితే వచ్చేస్తుంది. కొత్తదాన్ని ముందు పైభాగంలో గాడిలోకి ఎక్కించి, పాత ఏటీఎం కార్డు లాంటి పలచటి ప్లాస్టిక్ ముక్కతో అంచును లోపలికి నెట్టుకుంటూ చుట్టూ రావాలి. స్క్రూడ్రైవర్ వాడొద్దు, అంచు చిరిగితే గాలి కారుతుంది. ఎక్కించాక 40 హెర్ట్జ్ పరీక్ష మళ్లీ చేయండి.

మిగతా మూడు

ఎండీఆర్-7506 1991 నాటిది. 63 ఓమ్‌లు, 40 మిల్లీమీటర్ల డ్రైవర్. గొంతులో తప్పులు పట్టుకోవడానికి ఇంత పనికొచ్చేది ఈ వరుసలో లేదు. ఊపిరి చప్పుడు, "స" దగ్గర ఈల, ఎడిట్ చేసిన చోట క్లిక్ అన్నీ దొరికిపోతాయి. పైశబ్దాలు పదునెక్కువ. పెళ్లి సన్నాయి రికార్డింగ్‌ను దీంట్లో వింటే చెవిలో గుచ్చుకుంటుంది, మిక్స్‌లో దాన్ని మరీ ఎక్కువ కోసేయకుండా చూసుకోవాలి. కప్పులు తిరగవు, మెలికల వైరు కప్పుకే అతికి ఉంటుంది. వైరు తెగితే టంకం తప్పదు. ప్యాడ్‌లు ఈ ఐదింటిలో ముందుగా పొట్టు రాలేవి. అయితే విడి ప్యాడ్‌లు చాలా చోట్ల దొరుకుతాయి కాబట్టి దాన్ని పెద్ద లోటు అనుకోం. పాడ్‌కాస్ట్, డబ్బింగ్, గొంతు రికార్డింగ్ చేసేవాళ్లు కొనుక్కోవచ్చు. డీజేలకు కాదు.

డీటీ 770 ప్రో ఇంటికి. చెవిని పూర్తిగా చుట్టే మెత్తటి గుడ్డ ప్యాడ్‌లు, కళ్లజోడుతో కూడా హాయి. 32, 80, 250 ఓమ్‌ల రకాలున్నాయి, ఇక్కడే చాలామంది పొరపడతారు. కంపెనీ ఇచ్చే 96 డెసిబెల్ లెక్క 1 మిల్లీవాట్‌కు. దాన్ని 1 వోల్ట్‌కు మారిస్తే 80 ఓమ్‌లది సుమారు 107, 250 ఓమ్‌లది సుమారు 102 వస్తుంది. అదే లెక్కలో ఎం50ఎక్స్ 113 దగ్గర ఉంటుంది. యూఎస్‌బీ కరెంటుతోనే నడిచే చిన్న ఇంటర్‌ఫేస్‌కు 250 ఓమ్‌లది గుచ్చితే నాబ్ చివరిదాకా తిప్పినా చాలదనిపించవచ్చు. 80 ఓమ్‌లది తీసుకోండి. "ఎక్కువ ఓమ్‌లు ఉంటే ఎక్కువ నాణ్యత" అన్న మాట నమ్మొద్దు. 32 ఓమ్‌ల రకానికి తోలు ప్యాడ్‌లు వస్తాయని కూడా గుర్తుంచుకోండి, గుడ్డ కోసం కొనేవాళ్లు పెట్టె తెరిచి నిరాశపడతారు.

దీని పైశబ్దాల్లో సుమారు 8 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక ఎత్తు ఉంది. హైహ్యాట్ కుట్టినట్టు వినిపిస్తుంది, మనం తగ్గిస్తాం, బయట వింటే పాట మొద్దుగా ఉంటుంది. గుడ్డ ప్యాడ్‌లు వేసవిలో పెద్ద సుఖం. అవి తీసి గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కల షాంపూతో మెల్లగా పిండకుండా ఉతికి, నీడలో ఆరేయవచ్చు. జూలై, ఆగస్టుల్లో ఫ్యాను కింద పెట్టినా లోపలి ఫోమ్ ఆరడానికి ఒక రోజు పైనే పడుతుంది. పైకి ఆరినట్టున్నా లోపల తడి ఉండగా ఎక్కించకండి, ఆ తేమ నేరుగా డ్రైవర్ ముందు నిలుస్తుంది.

హెచ్‌డీజే-క్యూ1 కొత్తగా డీజే మొదలుపెట్టేవాళ్లకు. 40 మిల్లీమీటర్ల డ్రైవర్, 32 ఓమ్‌లు, తేలిక, ఊడదీయగల మెలికల వైరు, కప్పు తిరుగుతుంది. చిన్న కంట్రోలర్‌తో నేర్చుకోవడానికి ఇది చాలు. మిక్సింగ్‌కు వద్దు. బేస్ దగ్గర దీని మాట నమ్మి ట్రాక్ తయారు చేయకూడదు.

ఇక పెట్టె మీద రాసే "5 హెర్ట్జ్ నుంచి 40,000 హెర్ట్జ్" లాంటి అంకెల్ని చూసి మోసపోకండి. ఆ చివరల్లో ధ్వని ఎన్ని డెసిబెల్‌లు పడిపోయిందో చెప్పనప్పుడు ఆ అంకెకు అర్థం లేదు.

షాపులో పది నిమిషాలు

డాబా గార్డెన్స్, ద్వారకానగర్ వైపు వెళ్లే ముందు ఫోన్ చేసి డెమో పీసు ఉందా అని అడగండి. లేదంటే ఆన్‌లైన్‌లో వాపసు గడువు ఉన్నచోట కొని, ఈ పరీక్షలన్నీ మొదటి రోజే ఇంట్లో చేయండి. నకిలీలు తిరుగుతున్న మోడళ్లు ఇవి. జీఎస్టీ బిల్లు, సీరియల్ నంబరు, వారంటీ కాగితం మూడూ లేకుండా తక్కువకు వస్తుందని తీసుకోవద్దు.

చెవికి బాగా తెలిసిన మూడు పాటలు ఫోన్‌లో పెట్టుకెళ్లండి, వాట్సాప్‌లో వచ్చినవి కాకుండా పూర్తి నాణ్యత ఉన్న ఫైళ్లు. ఒకటి ఆడగొంతు ముందుండే పాట, ఒకటి కిక్, బేస్ గట్టిగా ఉన్నది, ఒకటి డప్పో జముకో ఉన్న జానపదం. జముకు తీగ బిగించి వదిలినప్పుడు "గుమ్" అంటూ స్వరం జారుతుంది కదా, ఆ జారుడు మొదటి నుంచి చివరిదాకా ఒకే బలంతో వినపడాలి. మధ్యలో ఒకచోట ఉబ్బి, ఇంకోచోట పడిపోతే ఆ హెడ్‌ఫోన్ బేస్ పైభాగంలో ఎత్తుపల్లాలున్నాయి.

తర్వాత మోనో పింక్ నాయిస్ (రెండు వైపులా ఒకేలా వచ్చే జలపాతం లాంటి హోరు) పెట్టండి. అది సరిగ్గా నుదుటి మధ్య నుంచి వస్తున్నట్టుండాలి. కుడికి లాగుతున్నట్టుంటే హెడ్‌ఫోన్‌ను ఎడమ కుడి మార్చి పెట్టుకోండి. ఇప్పుడు ఎడమకు లాగితే లోపం హెడ్‌ఫోన్‌దో ఫోన్‌దో, ఇంకో ఫోన్‌తో తేల్చుకోవచ్చు. అప్పుడు కూడా కుడికే లాగితే రెండు చెవుల వినికిడిలో తేడా ఉన్నట్టు, అది చెవి డాక్టరుకు చూపించుకోవాల్సిన విషయం.

చివరగా 20 నుంచి 200 హెర్ట్జ్ వరకు మెల్లగా పెరిగే స్వీప్. ఎక్కడైనా జిర్రుమంటే కంగారు పడి వాపసు ఇచ్చే ముందు ప్యాడ్ తీసి లోపలి పలచటి ఫోమ్ కింద చూడండి. ఒక్క వెంట్రుక డ్రైవర్ పొరకు తగులుతున్నా ఈ చప్పుడు వస్తుంది. పట్టకారుతో తీసేస్తే పోతుంది.

లాన్‌లో బీట్ ఎందుకు జారుతుంది

ఇది హెడ్‌ఫోన్ లోపం కాదు, కానీ తిట్లన్నీ హెడ్‌ఫోన్‌కే పడతాయి. బీచ్ రోడ్డు, భీమిలి రోడ్డు వైపు లాన్‌లలో డీజే టేబుల్ ఒక మూల, బాక్సులు స్టేజీ దగ్గర ఇంకో మూల పెడుతుంటారు. మన వేడిలో ధ్వని సెకనుకు సుమారు 350 మీటర్లు పోతుంది. బాక్సులు 15 మీటర్ల దూరంలో ఉంటే పాట మీ చెవికి సుమారు 43 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. హెడ్‌ఫోన్‌లోది వెంటనే వినిపిస్తుంది. ఒక చెవితో హెడ్‌ఫోన్, ఇంకో చెవితో బాక్సులు విని రెండు కిక్‌లనూ కలిపితే, మీ చెవిలో కలిసినట్టుంటుంది గానీ జనానికి "ద-డ్" అని రెండు దెబ్బలు వినపడతాయి. 128 బీట్ల పాటలో ఒక బీటు 469 మిల్లీసెకన్లు, అందులో 43 తేడా డ్యాన్స్ చేసేవాళ్ల కాలికి తెలిసిపోతుంది.

టేబుల్‌కు ఒకటి రెండు మీటర్లలో బూత్ మానిటర్ (డీజే వినడానికి పెట్టే స్పీకర్) ఒకటి పెట్టించుకోవడం సరైన దారి, అప్పుడు తేడా 3 నుంచి 6 మిల్లీసెకన్లే. అది లేకపోతే మిక్సర్‌లో స్ప్లిట్ క్యూ నొక్కి ఒక చెవిలో రాబోయే పాట, ఇంకో చెవిలో నడుస్తున్న పాట రెండూ హెడ్‌ఫోన్‌లోనే వినండి. స్ప్లిట్ లేని కంట్రోలర్‌లో క్యూ-మాస్టర్ నాబ్‌ను మధ్యలో పెట్టి రెండు చెవులతో కలపండి. ఇలా వాడేవాళ్లకు బయటి హోరును బాగా ఆపే హెడ్‌ఫోన్ కావాలి, హెచ్‌డీ 25 ఇక్కడే డబ్బుకు న్యాయం చేస్తుంది.

హోరు మీద గెలవాలని హెడ్‌ఫోన్ వాల్యూమ్ పెంచుకుంటూ పోవడం మాత్రం వద్దు. అమెరికాలో పనిచోట ఆరోగ్యం చూసే నియోష్ సంస్థ సిఫార్సు ప్రకారం 85 డెసిబెల్ దగ్గర ఎనిమిది గంటలు, ఆ పైన ప్రతి 3 డెసిబెల్‌కూ సమయం సగం. 94 దగ్గర ఒక గంట, 100 దగ్గర 15 నిమిషాలు. పాటలు కలిపే ఆ ఇరవై ముప్పై సెకన్లు తప్ప మిగతా సమయం హెడ్‌ఫోన్ మెడలో ఉండాలి. ప్రోగ్రాం అయ్యాక చెవుల్లో గుయ్ మంటే ఆ రాత్రి వాల్యూమ్ ఎక్కువైందని అర్థం, మర్నాడు పొద్దున మిక్సింగ్‌కు కూర్చోకండి.

ఇంట్లో, స్పీకర్లు లేని గదిలో

టైల్స్ నేల, ఖాళీ గోడలు, 10×12 అడుగుల గది. మన ఫ్లాట్లలో చాలా వరకు ఇంతే. ఆ కొలతలకు గోడల మధ్య సుమారు 48, 57 హెర్ట్జ్ దగ్గర ధ్వని నిలబడి గుమికూడుతుంది, సరిగ్గా కిక్ ఉండే చోటే. గదిని సరిచేయకుండా మంచి స్పీకర్లు పెట్టినా కుర్చీ రెండడుగులు జరిపితే బేస్ మారిపోతుంది. అందుకే బేస్ తేల్చుకోవడానికి గది ప్రభావం పడని హెడ్‌ఫోనే నయం అన్నది మా గట్టి అభిప్రాయం.

అయితే హెడ్‌ఫోన్ మోసం చేసే చోట్లు కూడా ఉన్నాయి. పక్కలకు పూర్తిగా తోసిన వాయిద్యం చెవిలో అద్భుతంగా ఉంటుంది, హాల్లో ఒకవైపు కూర్చున్నవాళ్లకు అది వినపడదు. రివర్బ్ (గది ప్రతిధ్వని లాంటి ఎఫెక్ట్) తోక చివరిదాకా తేటగా వినిపిస్తుంది కాబట్టి తక్కువ వేస్తాం, బయట పాట పొడిగా ఉంటుంది. కింది బేస్ ఒంటికి తగలదు కాబట్టి చాలడం లేదని పెంచుతాం. రిఫరెన్స్ పాట పెట్టేటప్పుడు దాని వాల్యూమ్‌ను మీ మిక్స్ స్థాయికి తగ్గించి పోల్చండి. మాస్టరింగ్ అయిన పాట గట్టిగా ఉంటుంది, గట్టిగా ఉన్నదే మంచిదనిపిస్తుంది. ఆపైన మోనోలో ఒకసారి, ఫోన్ స్పీకర్లో ఒకసారి, కారులో ఒకసారి వినాలి.

హెడ్‌ఫోన్ ఎత్తుపల్లాలను సరిచేసే ఈక్యూ ప్రొఫైళ్లు ఉచితంగా కూడా దొరుకుతాయి. మంచివే, వాడండి. రెండు జాగ్రత్తలు: ఆ ప్లగిన్ మీరు వినే దారిలో మాత్రమే ఉండాలి. మాస్టర్ ట్రాక్ మీద ఉంచి మర్చిపోయి ఎక్స్‌పోర్ట్ చేస్తే ఆ దిద్దుబాటు పాటలోకి ఎక్కిపోతుంది, అందరి స్పీకర్లలోనూ పాట వంకరగా మోగుతుంది. రెండోది, ఆ ప్రొఫైల్ బాగున్న ప్యాడ్‌ల మీద కొలిచింది. పొట్టు రాలిన ప్యాడ్‌లతోనో, వేరే కంపెనీ మందపాటి ప్యాడ్‌లతోనో వాడితే అది దిద్దదు, ఇంకో తప్పు చేరుస్తుంది.

గొంతు రికార్డ్ చేసేటప్పుడు క్లోజ్డ్ రకమే కావాలి, లేకపోతే క్లిక్ ట్రాక్ (తాళం కోసం వినే టిక్ టిక్) మైకులోకి కారుతుంది. మిక్సింగ్ ఒక్కదానికే అయితే సెన్‌హైజర్ హెచ్‌డీ 560ఎస్ లాంటి ఓపెన్ బ్యాక్ హాయిగా, సహజంగా ఉంటుంది. కానీ ఓపెన్‌లో ఫ్యాను చప్పుడు, వీధి హారన్లు అన్నీ లోపలికి వస్తాయి. ఎన్‌ఏడీ, గాజువాక వైపు ఉండేవాళ్లకు లారీలూ విమానాలూ తోడు. మే నెలలో ఫ్యాను ఆపి కూర్చోలేం. ఆ ఇళ్లలో డీటీ 770 ప్రోనే నయం.

ఉప్పుగాలి, నల్ల ఇసుక

జాక్ పిన్ను మీద నెలల్లోనే మసక పొర పడుతుంది, తిప్పితే కరకరమంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో తుడవండి. గరుకు కాగితంతో రుద్దితే పూత పోయి కిలుము ఇంకా త్వరగా పడుతుంది. తుడిచినా కరకర పోకపోతే పిన్ను మెడ దగ్గర వైరును మెల్లగా వంచి చూడండి. అక్కడ శబ్దం వచ్చి పోతుంటే లోపల పోగు తెగింది. వైరు ఊడేదైతే మార్చేయండి, అతికినదైతే కొత్త పిన్ను టంకం వేయించండి.

ఇసుక గురించి ఎక్కువమందికి తెలియదు. భీమిలి తీరంలో ఇల్మనైట్, గార్నెట్ లాంటి బరువు ఖనిజాలున్న ఇసుక ఉంది, ఒడ్డున నల్లటి చారలుగా కనిపించేది అదే. అందులో ఇనుప ఖనిజపు రేణువులను అయస్కాంతం లాగేసుకుంటుంది. హెడ్‌ఫోన్ డ్రైవర్‌లో ఉన్నది బలమైన అయస్కాంతమే. బీచ్ పార్టీలో హెడ్‌ఫోన్‌ను ఇసుక మీద, ఇసుక పడిన టేబుల్ మీద కప్పులు కిందికి పెట్టి వదిలేస్తే రేణువులు జాలీలోంచి లోపలికి చేరి పొర మీద కూర్చుంటాయి. బేస్ వచ్చినప్పుడల్లా గరగర. వాక్యూమ్ క్లీనర్ పెట్టకండి, నోటితో గట్టిగా ఊదకండి, పొర లోపలికో బయటికో నొక్కుకుపోతుంది. ప్యాడ్ తీసి, కప్పును కిందికి తిప్పి పట్టుకుని మెత్తటి బ్రష్‌తో దులపండి. అప్పటికీ జాలీకి అంటుకున్నవాటిని సెల్లో టేపు ముక్క మెల్లగా అద్ది తీయాలి. అసలు రానివ్వకుండా ఉండాలంటే మెడలో లేని ప్రతి నిమిషం జిప్ సంచిలో ఉండాలి.

ప్రోగ్రాం నుంచి రాగానే మాత్రం సంచిలో మూసేయకండి. ప్యాడ్‌లను పొడిబట్టతో తుడిచి, గంటసేపు గాలికి వదిలి, ఆ తర్వాత సిలికా జెల్ పొట్లం వేసి మూయండి.

ఎవరికి ఏది

వారం వారం ఫంక్షన్లు చేసేవాళ్లు హెచ్‌డీ 25, దాంతోపాటే ఒక విడి వైరు. ఇంట్లోనే పాటలు కట్టేవాళ్లు డీటీ 770 ప్రో 80 ఓమ్‌లది. గొంతు పని ఎక్కువైతే 7506. నేర్చుకునేవాళ్లు క్యూ1. రెండు పనులూ ఉండి ఒక్క జతకే డబ్బున్నవాళ్లు ఎం50ఎక్స్. కొన్న రోజే ఒక జత ఒరిజినల్ ప్యాడ్‌లు కూడా తీసి గాలి చొరని డబ్బాలో ఉంచండి, వాడుతున్న ప్యాడ్ మీద కొనుగోలు తేదీ చిన్నగా రాసి పెట్టండి. నెలకోసారి 40 హెర్ట్జ్ పరీక్ష చేసి, అదిమినప్పుడు తేడా ఎక్కువైన నెలలో మార్చేయండి.